గెట్_కరెంట్_యూజర్ పేరు మార్చాల్సిందే

పీహెచ్‌పీలో నాకు అస్సలు నచ్చని పేరు ఏదంటే గెట్_కరెంట్_యూజర్. చూస్తే ఏమనుకుంటాం? కోడ్‌ని ఇప్పుడు నడుపుతున్న యూజర్ ఎవరో చెబుతుందని. కానీ లినక్స్ సర్వర్‌లో అది చెప్పేది స్క్రిప్ట్ ఫైల్ ఓనర్ పేరు. రెండూ ఒకటి కావు.

నాకిది ధర్మవరంలో తెలిసొచ్చింది. ఫ్రెండ్ వాళ్ల నాన్నది అక్కడ పట్టుచీరల షాపు. శ్రావణమాసం ముందు, సరిగ్గా గిరాకీ టైమ్‌లో, కొత్త చీరల ఫొటోలు సైట్‌లోకి ఎక్కట్లేదు. హిందూపురంలో రైలెక్కి, పెనుకొండ రాకముందే ఫోన్‌లో టెర్మక్స్ తెరిచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యా. ఫొటోల ఫోల్డర్ ఓనర్ షాప్ అకౌంటే, పర్మిషన్ 755. గెట్_కరెంట్_యూజర్ కూడా అదే పేరు చూపింది. ఇంకేం, రాసేది ఓనరే కదా అని పర్మిషన్ సంగతి వదిలేసి డిస్క్ స్పేస్, అప్‌లోడ్ సైజ్ లిమిట్ అన్నీ తవ్వా. ధర్మవరంలో దిగాక ఇంకో రెండు గంటలు అదే పని.

"ఏమప్పా, ఇంగా కాలేదా?" అని ఆయన మూడుసార్లు అడిగారు.

చివరికి పోసిక్స్_గెట్‌ఈయూఐడీ వాడా. ప్రాసెస్ నడుస్తున్నది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా పేరు మీద! 755లో చివరి 5 అంటే బయటి యూజర్ చదవొచ్చు, రాయలేడు. మన ఫోన్లలోనూ ఇదే కథ: ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌కీ వేరే యూజర్ ఐడీ ఇస్తుంది, అందుకే ఒక యాప్ ఇంకోదాని ప్రైవేట్ ఫైళ్లలో వేలు పెట్టలేదు.

ఇలాంటప్పుడు ఎవర్నడిగినా "777 పెట్టేయ్" అంటారు. దయచేసి పెట్టొద్దు, షాపుకి తాళం వేయకుండా ఇంటికెళ్లినట్టే. నేను ఫొటోల ఫోల్డర్ గ్రూప్ మాత్రం డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటాకి మార్చి 775 ఇచ్చా. కోడ్ ఫైళ్లు ముట్టుకోలేదు. రేపు సైట్‌లో ఏదైనా లోపం పట్టుకుని ఎవడైనా దూరినా వాటిని తిరగరాయలేడు.

మాన్యువల్ చదవకపోవడం నీ తప్పే అంటారా? ఒప్పుకుంటా, అందులో స్పష్టంగానే ఉంది. ఒకప్పుడు ఓనర్ ఎవరన్నదానికి విలువ కూడా ఎక్కువే: సేఫ్ మోడ్ స్క్రిప్ట్ ఓనర్‌ని, అది తెరిచే ఫైల్ ఓనర్‌ని పోల్చి చూసేది. 2012లో 5.4 వెర్షన్‌తో సేఫ్ మోడ్ పోయింది. ఈ పేరు మాత్రం మనల్ని ఇంకా తప్పుదారి పట్టిస్తూనే ఉంది.

మొదటి ఫొటో ఎక్కగానే ఆయన అడిగింది ఒక్కటే. "మెరూన్ చీర ఎర్రగా కనపడతాందేమప్పా?" అది ఫోన్ కెమెరా గొడవ, ఇంకో పోస్ట్‌లో చూద్దాం.