చూసినందుకూ డబ్బులివ్వాలి

‘పార్టు మారిస్తే డబ్బులు తీసుకో, ఊరికే చూసినందుకు కూడానా?’ కారు షెడ్డులో పనిచేసే ఏ కుర్రాడికైనా బాగా అలవాటైన మాట ఇది. కొత్తపట్నం నుంచి రోజూ ఒంగోలు వెళ్లి మెకానిక్ పని నేర్చుకునే పిల్లల భవిష్యత్తును ఈ ఒక్క మాట దెబ్బతీస్తోందని నా అభిప్రాయం. ఎందుకంటే ఇవాళ్టి కారులో కష్టమంతా చూడటంలోనే ఉంది. మార్చడం చాలాసార్లు పది నిమిషాల పని.

ఉదాహరణకు ఒక పెట్రోలు కారు షెడ్డుకు వచ్చిందనుకోండి. పికప్ లేదు, ఆగినచోట ఇంజిన్ వణుకుతోంది, మైలేజీ పడిపోయింది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. స్కానర్ తగిలిస్తే పి0011 అని కోడ్ వచ్చింది. పక్కన వివరంలో ‘కామ్‌షాఫ్ట్’ అన్న మాట కనపడగానే కామ్ సెన్సర్ మార్చేస్తారు. నాలుగు రోజులకు లైటు మళ్లీ వస్తుంది. ఈసారి ఆయిల్ కంట్రోల్ వాల్వ్. అదీ కాదంటే టైమింగ్ చైన్ కిట్టు. మూడుసార్లూ బిల్లు కట్టింది ఓనరే. మిర్చి అమ్మిన డబ్బుల్లోంచి తీసి కట్టినవాడు మళ్లీ ఆ షెడ్డు మెట్లెక్కుతాడా?

ఆ కోడ్ ఏ పార్టు పేరూ చెప్పలేదు. ఇన్‌టేక్ కామ్‌షాఫ్ట్ కంప్యూటర్ అడిగిన చోట లేదు, ముందుకు జరిగి ఉంది అని మాత్రమే చెప్పింది. పి0012 అంటే వెనకబడి ఉందని. పి0010 అయితే వాల్వ్‌కు వెళ్లే కరెంటు దారిలో తేడా. పి0016 అంటే క్రాంకుకూ కామ్‌కూ పొత్తు కుదరడం లేదని. జ్వరం వచ్చిందని థర్మామీటరు చెబుతుంది. అది మలేరియానో టైఫాయిడో తేల్చాల్సింది మనిషే కదా.

అసలు ఈ ఏర్పాటు ఏమిటంటే, క్రాంకు రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. పాత ఇంజిన్లలో వాల్వులు తెరుచుకునే వేళ ఎప్పుడూ ఒకటే. నెమ్మదిగా నడిపినా, హైవే మీద తొక్కినా మార్పు లేదు. ఆ వేళను ఇంజిన్ నడుస్తుండగానే ముందుకూ వెనక్కూ జరిపేదే వేరియబుల్ వాల్వ్ టైమింగ్. 1980లో ఇటలీ కంపెనీ ఆల్ఫా రోమియో మార్కెట్లోకి తెచ్చినప్పుడు అది ఖరీదైన కార్ల ముచ్చట. ఇప్పుడు మన ఊళ్లలో తిరిగే మారుతి, హ్యుందాయ్ పెట్రోలు బళ్లలో కూడా మామూలైపోయింది. కామ్‌షాఫ్ట్ చివర ఉండే ఫేజర్ అనే చక్రం లోపల చిన్న అరలుంటాయి. కంప్యూటర్ చెప్పినట్టు వాల్వ్ తెరుచుకుని, ఒకవైపు అరల్లోకి ఇంజిన్ ఆయిల్ పంపితే కామ్ ముందుకు, రెండోవైపు పంపితే వెనక్కు జరుగుతుంది.

అంటే ఈ మొత్తం వ్యవస్థకు చేతులూ కాళ్లూ ఇంజిన్ ఆయిలే. అందుకే స్కానర్ కంటే ముందు చేతిలోకి తీసుకోవాల్సింది డిప్‌స్టిక్. ఆయిల్ తగ్గిందా? తారులా నల్లబడి చిక్కబడిందా? ఏ గ్రేడు పోశారు? ఈ మూడో ప్రశ్న మన ప్రాంతంలో చాలా ముఖ్యం. ట్రాక్టరుకు తెచ్చిన 15డబ్ల్యూ-40 డబ్బాలో మిగిలింది కారులో పోసేవాళ్లు తక్కువేం కాదు. ఆ కారు కంపెనీ 0డబ్ల్యూ-20 అని రాసి ఉండొచ్చు. సన్నటి దారుల్లో పరిగెత్తాల్సిన ఆయిల్ చిక్కగా ఉంటే ఫేజర్ అడిగినంత తొందరగా కదలదు, కంప్యూటర్ కోడ్ పడేస్తుంది. ఇక ఇంటి నుంచి రొయ్యల చెరువు దాకా, మళ్లీ ఇంటికి అన్నట్టు రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బళ్లలో ఆయిల్ సరిగా వేడెక్కదు. తేమ పోదు, మడ్డి కడుతుంది. ఆ మడ్డి వెళ్లి వాల్వ్ దగ్గరి చిన్న జాలీలో కూర్చుంటుంది.

కొత్తపట్నానికి ఇంకో శత్రువు ఉప్పుగాలి. సముద్రం పక్కన ఏళ్ల తరబడి నిలబడ్డ బండి కప్లర్లు ఊడదీసి చూడండి, పిన్నుల మీద పచ్చటి చిలుము కనపడుతుంది. వాల్వ్ బాగానే ఉంటుంది, దానికి కరెంటు అందదు. కప్లర్ తీసి మల్టీమీటర్‌తో వాల్వ్ చుట్ట రెసిస్టెన్స్ కొలవడానికి రెండు నిమిషాలు పడుతుంది. చాలా బళ్లలో అది కొద్ది ఓమ్‌లే ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్లో చూడాలి. మీటరు అసలేమీ చూపించకపోతే చుట్ట తెగినట్టే.

నాకు బాగా నచ్చిన పరీక్ష మరొకటి ఉంది. ఇంజిన్ ఐడ్లింగులో ఉండగా ఇన్‌టేక్ వాల్వ్‌ను స్కానర్ ద్వారా పనిచేయిస్తారు. మాన్యువల్ ఒప్పుకున్న బళ్లలో కప్లర్ తీసి ఒక్క క్షణం బ్యాటరీ కరెంటు ఇచ్చి కూడా చూస్తారు. కామ్ ఒక్కసారిగా ముందుకు జరిగి ఇంజిన్ తడబడాలి, ఆగిపోయినా మంచిదే. వాల్వ్, ఆయిల్ దారి, ఫేజర్ మూడూ పనిచేస్తున్నాయని అర్థం. ‘టిక్’మని శబ్దం వచ్చినా ఇంజిన్ చలించకపోతే ఆయిల్ అందడం లేదో, వాల్వ్ లోపల ఇరుక్కుందో, ఫేజరే పట్టేసిందో అయ్యుండాలి. శబ్దం కూడా లేకపోతే వాల్వ్‌ను అనుమానించాలి. చూడండి, ఒక్క పార్టూ కొనకుండానే అనుమానాలు సగానికి తగ్గాయి.

ఆ తర్వాత లైవ్ డేటా. కంప్యూటర్ అడిగిన కోణం, కామ్ నిజంగా ఉన్న కోణం పక్కపక్కనే కనపడతాయి. రోడ్డు మీద నడుపుతూ చూస్తే ఒకటి కదిలినప్పుడు రెండోది వెంట నడుస్తోందో, ఈడ్చుకుంటోందో, అసలు కదలడం లేదో తెలుస్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు క్షణాలు గరగరమంటే ఫేజర్ లాక్ పిన్నును అనుమానించొచ్చు. పి0016తో పాటు చైన్ శబ్దం కూడా ఉంటే అప్పుడు చైన్ కవరు విప్పే మాట. అది చివరి పని, మొదటిది కాదు.

ఇదంతా చేయడానికి గంట, గంటన్నర పడుతుంది. చివరికి తేలింది కప్లర్‌లో చిలుము అయితే, శుభ్రం చేసిన కుర్రాడికి దక్కేది టీ డబ్బులు. అదే గుడ్డిగా మూడు పార్టులు మార్చినవాడికి స్పేర్ల మీద కమీషను, కూలీ రెండూ. మనమే తప్పు చేసినవాడికి బహుమతి ఇస్తూ, ‘మెకానిక్కులంతా మోసగాళ్లు’ అని తిట్టుకుంటున్నాం. డాక్టరు నాడి చూసి ‘ఏమీ లేదు, నీళ్లు బాగా తాగండి’ అంటే సంతోషంగా ఫీజు ఇచ్చి వస్తాం. మిర్చి యార్డులో కాయ చేతిలోకి తీసుకుని తేమ చెప్పగలిగినవాడి మాటకు విలువ ఉంటుందని గుంటూరు వెళ్లే ప్రతి రైతుకూ తెలుసు. కారు దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంగితం ఏమైపోతుందో!

కంపెనీ సర్వీస్ సెంటర్లు ఉన్నాయి కదా అనొచ్చు. వారంటీ అయిపోయిన బండి చివరికి వచ్చేది చిన్న షెడ్డుకే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చాక బళ్లలో సెన్సర్లు ఇంకా పెరిగాయి. ఆ బళ్లూ ఇప్పుడు వారంటీలు దాటుతున్నాయి. రేపు అన్నీ ఎలక్ట్రిక్ కార్లే అనేవాళ్లకు కూడా ఒక మాట. కామ్‌షాఫ్ట్ పోవచ్చు గానీ కప్లరు, వైరింగు, మల్టీమీటరు ఎక్కడికీ పోవు. కొలిచి తేల్చడం వచ్చినవాడు అక్కడా బతుకుతాడు.

పదో తరగతి పాసైనవాళ్లకు ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు ఉంది. పాలిసెట్ రాసి మూడేళ్ల ఆటోమొబైల్ డిప్లొమాలోనూ చేరొచ్చు. ఏది చదివినా, షెడ్డులో చేరేముందు ఒక మంచి మల్టీమీటరు సొంతంగా కొనుక్కోండి. వైరింగ్ డయాగ్రమ్ చదవడానికి సరిపడా ఇంగ్లిషు నేర్చుకోండి. అప్రెంటిస్‌గా ఎక్కడ చేరాలో ఎంచుకునే అవకాశం ఉంటే, జీతం వంద ఎక్కువ ఇచ్చే చోటు కంటే లైవ్ డేటా చూడనిచ్చే చోటు నయం. ఐటీఐలు కూడా విద్యార్థులతో ఇంజిన్ విప్పించి బిగించడంతో సరిపెట్టకుండా, నడిచే ఇంజిన్‌లో కావాలని ఒక లోపం పెట్టి ‘కనిపెట్టు’ అనే పరీక్ష పెట్టాలి. ఒక వైరు తీసేస్తే చాలు, దానికి పెద్ద ఖర్చేమీ లేదు.

షెడ్డు యజమానులు చేయాల్సిందీ ఉంది. ‘లోపం చూసే ఫీజు’ అని గోడ మీద రాయండి. రూ.300 కావచ్చు, రూ.500 కావచ్చు. ఏం కొలిచారో, ఎంత వచ్చిందో, ఏది బాగుందో ఒక చీటీ మీద రాసి ఓనరు చేతికివ్వండి. పని అక్కడే చేయించుకుంటే ఆ ఫీజు కూలీలో తగ్గిస్తామని ముందే చెబితే, గీచిగీచి బేరమాడే ఆసామి కూడా పెద్దగా గొడవ చేయడు.