మాదాపూర్ జీతం, కాట్రేనికోన కాపురం

2020 లాక్‌డౌన్‌లో ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని కోనసీమకు వచ్చిన మన పిల్లల్లో చాలామంది మళ్లీ హైదరాబాద్ బస్సెక్కేశారు. మాదాపూర్‌లో జీతంలో సగం అద్దెకే పోతుంది, సాయంత్రమంతా ట్రాఫిక్‌లోనే గడిచిపోతుంది. అయినా అక్కడ నెట్ ఆగదు. ఇటు కోనసీమలోని కాట్రేనికోనలో సొంతిల్లు, అమ్మ చేతి చేపల పులుసు, చిర్రయానం సముద్రపు గాలి. ఆ గాలే కాస్త ముదిరితే ముందు కరెంటు పోతుంది, వెనకాలే నెట్టూ పోతుంది.

అసలు తుపానుదాకా ఎందుకు? 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు చెలరేగాక, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు గోదావరి గట్టెక్కి, అవతలి ఒడ్డు సిగ్నల్ పట్టుకుని డ్యూటీ చేశారు. ఏ మేనేజరుకు చెబితే నమ్ముతాడు!

ల్యాప్‌టాప్‌తో ఎక్కడినుంచైనా పనిచేసేవాళ్లు చేరే బాలి, చియాంగ్ మాయిలతో మన కొబ్బరి తోటలను పోల్చి మురిసిపోయే నాయకులకు ఒకటే మనవి: రిసార్టుల మాట తర్వాత. ముందు మండల కేంద్రంలో కూర్చుని పనిచేసుకోవడానికి ఒక గది, రెండు వేర్వేరు కంపెనీల నెట్ లైన్లు, ఒక జనరేటర్ ఏర్పాటు చేయండి.