బూజు గోడకి, కోత అడ్వాన్స్‌కి

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చని చెప్పి అడ్వాన్స్‌లో ఒక నెల అద్దె కోసుకోవడం చెన్నై చుట్టుపక్కల ఆనవాయితీ. శ్రీకాకుళం నుంచి పని వెతుక్కుంటూ కాట్టుపల్లి వచ్చిన మాలాంటివాళ్ళం దాని మీద పేచీ పెట్టుకోం. ఊరు కాని ఊరు, గొడవెందుకని ఊరుకుంటాం. కానీ బూజు పట్టిన ఇంటికి కూడా ఈ కోత ఏమిటని అడగాల్సిందే.

ఇక్కడ ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు బకింగ్‌హాం కాలువ, మధ్యలో ఇసుక నేల. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చి వెళ్ళాక మా పడకగదిలో బీరువా వెనక గోడ సరిగ్గా ఆరిందే లేదు. కింద మోకాలెత్తు దాకా రంగు పెచ్చులుగా లేచి తెల్లటి ఉప్పు పూసింది. పైన శ్లాబు మూలలో నల్లటి చుక్కలు మొదలై, ఒకదానితో ఒకటి కలిసిపోయి, చాటంత మచ్చయింది. పెళ్ళి చీర తీసినా అదే ముక్క వాసన. సముద్రపు నీళ్ళలోంచి రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీళ్ళు తీసే ప్లాంటు 2010 నుంచి ఈ ఊళ్ళోనే ఉంది. మా గోడలో ఉప్పు తీసే దిక్కు మాత్రం లేదు.

ఓనరుకు చూపిస్తే ఆయనది ఒకటే మాట: "జన్నల్ తొరందు వైయింగమ్మా." కిటికీలు తీసి పెట్టండమ్మా అని. అందులో నిజం లేకపోలేదు. ముసురు పట్టినప్పుడు తడిబట్టలు గదిలోనే ఆరేస్తాం, అన్నం ఆవిరీ లోపలే తిరుగుతుంది. కానీ కిటికీ తీస్తే లారీల దుమ్ము మంచం మీదికొస్తుంది. పైగా ఆ తడి మా ఊపిరిదో గోడదో తేల్చుకునే ఉపాయం ఉంది. మచ్చ పక్కన గోడను తుడిచి, అరచేయంత ప్లాస్టిక్ ముక్క పెట్టి నాలుగు అంచులా టేపు అంటించాలి. రెండు రోజులాగి చూడాలి. గదివైపు చెమ్మ పడితే తప్పు గాలిది. గోడవైపు పడితే నీళ్ళు గోడలోంచే వస్తున్నట్టు. మా ప్లాస్టిక్‌కు గోడవైపే నీటి బొట్లు నిలిచాయి. మిద్దె మీద చూస్తే సరిగ్గా ఆ మూలనే పగులు. ఓనరు దాన్ని పూడ్పించకుండా లోపల మచ్చ మీద రంగు వేయించాడు. కార్తీకం వచ్చేసరికి నలుపు మళ్ళీ పైకొచ్చింది.

నెపం అద్దెకున్నవాళ్ళ అలవాట్ల మీదికి నెట్టడం ఇక్కడి రోగమే కాదు. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో రెండేళ్ళ అవాబ్ ఇషాక్ 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంట్లోని బూజు వల్ల వచ్చిన ఊపిరి జబ్బే కారణమని 2022లో విచారణాధికారి తేల్చారు. తండ్రి 2017 నుంచే మొత్తుకున్నా, ఇల్లు అద్దెకిచ్చిన సంస్థ ఆ కుటుంబం జీవన విధానాన్నే తప్పుపట్టింది. ఆ పిల్లవాడి పేరు మీద వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి అక్కడి సామాజిక గృహాలకు అమలవుతోంది. చెమ్మ, బూజు వల్ల ప్రమాదం ఉందని తెలిసిన 10 పనిదినాల్లో ఇల్లు పరిశీలించాలి.

మనకూ చట్టముంది. తమిళనాడు 2017లో చేసిన అద్దె చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. దాని రెండో షెడ్యూలు పంపులు, స్విచ్చుల రిపేర్లు అద్దెకున్నవాళ్ళకు అప్పజెప్పింది. కట్టడం రిపేర్లు, పైపులు మార్చడం, గోడలకు సున్నం వేయించడం ఓనరు బాధ్యతల్లో పెట్టింది. సున్నం ఖర్చు ఓనరుదని చట్టమే రాస్తే, అది మా అడ్వాన్స్‌లోంచి ఎలా పోతుంది?

మా వంతు పని మేమూ చేస్తాం. బీరువాను గోడకు జానెడు దూరం జరిపాను. బూజును పొడి చీపురుతో దులిపితే గదంతా ఎగురుతుంది గనుక సబ్బునీళ్ళ గుడ్డతో తుడుస్తున్నాను. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిపి కడగమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు, ఆ రెండూ కలిస్తే విషవాయువు.

ఓనర్లు వానలకు ముందే మిద్దె పగులు పూడ్పించాలి. ఇల్లిచ్చే రోజునే గోడల ఫొటోలు ఒప్పందానికి జతచేయాలి. మా బుడ్డోడు హాలు గోడ మీద క్రేయాన్లతో గీసిన రైలుబండికి డబ్బులు కట్టమంటే కడతాను. మిద్దె పగులుకు మాత్రం కట్టను.