నందివర్ధనం మీది పురుగు
నందివర్ధనం ఆకులు పురుగు తింటోందని పత్తిచేలో మిగిలిన మందు తెచ్చి కొట్టడం తగదని నా మనవి. అవి మన పిల్లలు కోసే పూలు. మందు తగిలిన పురుగును తింటే పిట్టకూ చేటే.

చెట్టుకింద మిరియాల్లాంటి నల్లటి రెట్ట కనబడితే, సరిగ్గా ఆ పైకొమ్మనే వెదకండి. తలదగ్గర కళ్లలాంటి నీలిమచ్చలున్న పచ్చని లావు పురుగు దొరుకుతుంది. అది కుట్టదు; చేత్తో తీసి సబ్బునీళ్లలో వేయండి. పిల్లపురుగులు ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లండి.

పురుగు తిన్న కొమ్మ మళ్లీ చిగురిస్తుంది. పిల్లల ఒంట్లోకి పోయిన విషాన్ని ఏరి తీయలేము. ఆదాముకు తోట అప్పగించింది కాయడానికే గదా! కావలికి ఓపిక కావాలి.