అల్మారీయా, ఖిడ్కీయా?

"అమ్మా, గీ గోడకు అల్మారీ పెట్టాల్నా, కిటికి పెట్టాల్నా? రొండిట్ల ఒకటి జెప్పుండ్రి. నాకు అవుతల ఇంకో పనుంది" అని మేస్త్రీ అడిగి ఇరవై రోజులైంది. ఇరవై రోజుల్నుంచి మా ఇంట్లో దీనికి జవాబు లేదు. మేస్త్రీ అవుతలి పనికి వెళ్లిపోయాడు. ఇసుక కుప్ప గల్లీలో అట్లనే ఉంది, పిల్లులకు పనికొస్తోంది.

ఆ గోడ మా బిడ్డ కమ్రాది. పది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు. తను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. గాలికి, వెలుతురుకు ఆ కమ్రాలో ఉన్నది ఒక్క రోషన్‌దాన్. దాన్ని కూడా సజ్జ మీది డబ్బాలు ఎప్పుడో కప్పేశాయి. మధ్యాహ్నం మూడింటికి కూడా లైటు వేసుకునే చదవాలి. రామగుండం ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పాలా? మే నెలలో నలభై అయిదు దాటే ఊళ్ల లిస్టులో మన పేరు ఏటా ఉంటుంది. అట్లాంటి ఊళ్లో శ్లాబు కింద, గాలి తిరగని కమ్రాలో ఫిజిక్స్ చదవమంటున్నాం ఆ పిల్లను.

నా రాయ్ ముందే చెప్పేస్తున్నా. ఆ గోడకు ఖిడ్కీయే కావాలి. అమ్మీ, అంటే మా అత్తమ్మ, అల్మారీ కావాలంటుంది. మా ఆయన "మీరిద్దరూ తేల్చుకోండి" అని బయటికి పోతాడు. ఈ జంగ్‌లో అందరికంటే సుఖంగా ఉన్నది ఆయనే.

అల్మారీ దేనికి? "బచ్చీకా సామాన్ కాఁ రఖ్తే?" ఇది అమ్మీ సవాల్. బచ్చీ సామాన్ అంటే పుస్తకాలు, బట్టలు అనుకునేరు. కాదు. పెళ్లి సామాన్. మా బిడ్డ ఆరో తరగతిలో ఉన్నప్పటి నుంచే అమ్మీ జమ చేయడం మొదలుపెట్టింది. లక్ష్మీనగర్‌కు ఎప్పుడు పోయినా ఒకటి తెచ్చేది. డిన్నర్ సెట్, రెండు కుక్కర్లు, మిక్సీ, స్టీలు డబ్బాల వరుస, ఆరు రజాయిలు, గిలాఫ్‌లు, ఒక పెద్ద తష్త్. అన్నీ ప్యాకింగ్ విప్పకుండానే ఉన్నాయి. మిక్సీ వారంటీ డబ్బాలోనే ఖతమైంది. మొన్న ఒక కుక్కర్ తీసి చూస్తే లోపలి రబ్బరు గట్టిపడి చెక్కలా అయింది. ఇంకా పెళ్లికొడుకే పుట్టాడో లేదో తెలియని పెళ్లికి, ఆ కమ్రాలో ఐదో వంతు జాగ రిజర్వ్ అయిపోయింది. ఐదో వంతు అన్నది ఊరికే అన్నమాట కాదు. పది అడుగుల గోడకు రెండడుగుల లోతు అల్మారీ కడితే ఇరవై చదరపు అడుగులు పోతాయి. కమ్రా మొత్తం తొంభై. ఐదో వంతు కంటే ఎక్కువే.

ఇక్కడ అమ్మీని విలన్‌ను చేసి రాయడం నాకు చాలా ఆసాన్. కానీ అది ఇన్సాఫ్ కాదు.

అబ్బా, అంటే మా మామగారు, ముప్పై ఐదేండ్లు బాయిలో పని చేశారు. ఎక్కువ కాలం టింబర్‌మన్‌గా. అన్నేండ్లూ వీళ్లు ఉన్నది కంపెనీ క్వార్టర్‌లో. రెండు గదులు, చిన్న బావర్చీఖానా, ముందర ఒక వరండా. ఇటువైపు బొగ్గుబాయిలు మొదలై అరవై ఏండ్లు దాటింది. అంటే మూడు తరాలు అట్లాంటి ఇండ్లలోనే పుట్టి పెరిగాయి. క్వార్టర్‌లో కరెంటుకు ఫికర్ లేదు, కిరాయి ఫికర్ లేదు. కానీ గోడకు మేకు కొట్టాలన్నా "ఇది మనది కాదు" అన్న మాట ఒకటి మనసులో ఉంటుంది. రిటైరైన రోజు తాళం అప్పగించాలి. ఇప్పుడు 61 ఏండ్లకు, 2021లో పెంచారు. అబ్బా కాలంలో 60. ఇల్లు మనది కానప్పుడు, మనది అనుకోవడానికి మిగిలేది సామానే. అమ్మీకి ఆ ముప్పై ఐదేండ్లలో సొంత గోడ లేదు, సొంత దర్వాజా లేదు. రాగి దేగ్‌లు మూడు, ఇత్తడి బిందెలు, ఒక ఇనుప సందూఖ్, ఇవి ఉన్నాయి. ఆ సందూఖ్ తాళంచెవి ఇప్పటికీ ఆమె కొంగుకే ఉంటుంది.

పైగా ఆ సామాన్ ఒకసారి ఇంటిని కాపాడింది కూడా. 2011 సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె మొదలైతే ఇక్కడి కార్మికులు నెల దాటి బాయి దిగలేదు. ఆ రోజులు నాకు బాగా యాద్. కొత్త కోడలిని కాకపోయినా ఇంకా పాతబడలేదు, ఒళ్లో చిన్నపిల్ల. జీతం లేదు. అబ్బా, ఆయన దోస్తులు పొద్దంతా టెంటు కింద ఉండేవాళ్లు. ఒకరోజు అమ్మీ రెండు ఇత్తడి బిందెలు, ఒక దేగ్ గోనెసంచిలో కట్టి, బుర్ఖా వేసుకుని, ఎవరికీ చెప్పకుండా సేటు దగ్గర కుదువ పెట్టి వచ్చింది. ఆ నెల బియ్యం, పాలు అట్లా వచ్చాయి. "సామాన్ ఉంటే ఇజ్జత్ ఉంటది" అని ఆమె అన్నప్పుడు ఆ గోనెసంచి నాకు గుర్తొస్తుంది. ఎదురు మాట రాదు.

కానీ తర్వాత ఆలోచిస్తే వస్తుంది. ఆమె కుదువ పెట్టింది రాగి, ఇత్తడి. తూకానికి పోయే వస్తువు. దాన్ని యాభై ఏండ్లు దాచినా కరిగిపోదు, కళాయి పోయినా ధర పోదు. (కళాయి పూసే ఆయన మా గల్లీకి వచ్చి ఎన్నేండ్లయిందో. దేగ్‌లు ఇప్పుడు దర్జాగా బియ్యం డ్రమ్ము మీద కూర్చున్నాయి, వాడకం లేదు.) అమ్మీ తన నిఖాకు తెచ్చుకున్న జహేజ్ ఒక బ్యాంకు. ఇప్పటి జహేజ్ ఏంటి? పొట్టుచెక్కతో చేసిన మంచం, అద్దం బీరువా, సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్. దుకాణం గడప దాటిన నిమిషంలో సగం ధర. అయిదేండ్లకు కబాడీ. రాగి దేగ్‌ను ఆపద రోజు సేటు తీసుకున్నాడు. డబుల్ కాట్‌ను ఎవరు తీసుకుంటారు? పేరు అదే, ఇజ్జత్ అదే అంటున్నారు. వస్తువు మాత్రం మారిపోయింది. సైజు పెరిగింది, విలువ తగ్గింది. మన ఇండ్లు మాత్రం అవే రెండు గదులు, మూడు గదులు.

నా సొంత కిస్సా చెప్తా. 2008లో మా బాబా నాకు ఇచ్చిన మంచం క్వార్టర్ దర్వాజాలోంచి పట్టలేదు. నిలువుగా తిప్పారు, అడ్డంగా తిప్పారు. చివరికి తలాపు చెక్క విప్పి లోపలికి తెచ్చారు, అద్దం బీరువా మాత్రం వరండాలోనే ఉండిపోయింది. మీద టార్పాలిన్. మొదటి వానాకాలానికి కింది చెక్క ఉబ్బింది, రెండో వానాకాలానికి తలుపు మూసుకోలేదు. నా బట్టలు అట్టపెట్టెలో, నా బీరువా వానలో. నాలుగేండ్లు చూసి ఒకరోజు కబాడీకి వేశారు. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి వరండా ఖాళీ. "జాగ సాఫ్ అయింది, చూడు" అని మా ఆయన ఖుషీగా చూపించాడు. అది నాది కదా, నన్నొక మాట అడగాలి కదా అని ఎవరికీ తట్టలేదు. అంతకంటే అజీబ్ ఏంటంటే, ఆ రోజు నాకూ తట్టలేదు.

తర్వాత ఎప్పుడో చదివాను. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నం ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ రెంటినీ నేరం అంటుంది. మెహర్‌ను మాత్రం కట్నం లెక్కలోంచి పక్కన పెట్టింది. అందులోనే ఆరో సెక్షన్ ఒకటుంది. కట్నంగా వచ్చింది వేరే ఎవరి చేతుల్లో ఉన్నా మూడు నెలల్లో ఆ ఆడమనిషికి అప్పగించాలి, అప్పటిదాకా అది ఆమె అమానత్‌గా వాళ్ల దగ్గర ఉన్నట్టే. ఇష్టంతో ఇచ్చిన కానుకలకైతే లిస్టు రాసి, ఇరువైపులా దస్తఖత్‌లు చేసి పెట్టుకోవాలని 1985లో రూల్స్ కూడా వచ్చాయి. మా బాబా లిస్టు రాశారు. దస్తఖత్ మాత్రం ఎవరూ చేయలేదు. ఆ కాగితం చివరికి ఏ డబ్బాలో పోయిందో, ఇంత సామాన్‌లో ఎక్కడ వెతుకుతాం!

చట్టం ఒకవైపు అట్లా అంటే, సర్కారు సాయం ఇంకోవైపు ఉంది. షాదీ ముబారక్ 2014 అక్టోబర్ 2న మొదలైనప్పుడు 51,000. 2017లో 75,116 చేశారు, 2018లో 1,00,116. గరీబు తల్లికి అది చిన్న మొత్తం కాదు, నేను దాన్ని తక్కువ చేయను. అప్పుల్లోంచి బయటపడ్డ ఇండ్లు నాకు తెలుసు. కానీ ఆ పైసలు ఆడపిల్ల పేరు మీద బ్యాంకులో ఉండిపోయిన ఇల్లు మాత్రం మా గల్లీలో నేను ఒక్కటీ చూడలేదు. చెక్కు వచ్చేలోపే ఫర్నిచర్ దుకాణంలో ఉద్దెర రాసి ఉంటుంది. డీసీఎంలో సామాన్ వస్తుంది, గల్లీ అంతా నిలబడి లెక్కపెడుతుంది. వారం తర్వాత ఆ సోఫా కింద బియ్యం మూటలు, ఆ ఫ్రిజ్ మీద పరుపులు. కొత్త దుల్హన్ తన నడుముకు జాగ వెతుక్కుంటూ తిరుగుతుంది.

జహేజ్ మాట ఎత్తితే మా ఖాలా ఒకరు వెంటనే బీబీ ఫాతిమా జహేజ్ గురించి చెప్తారు. చెప్పనీయండి, నేనూ అదే చెప్తా. రివాయత్‌లో ఉన్నది ఒక ఉన్ని దుప్పటి, ఒక నీళ్ల తోలుసంచి, గడ్డి నింపిన ఒక తోలు దిండు. మొత్తం కలిపినా మా వంటింటి ఒక్క అరలో పడుతుంది. అంతే ఇస్తామంటే ఈ గోడకు అల్మారీ అక్కర్లేదు కదా, ఖాలా?

మన మరమ్మతుల గురించి కూడా ఒక మాట. ఇక్కడ రిటైర్మెంట్ పైసలతో ఇల్లు కొన్నవాళ్లు, లోన్ తీసుకుని కట్టుకున్నవాళ్లు, అందరూ మొదట చేసేది ముందు గోడకు టైల్స్, దీవాన్‌ఖానాకు ఫాల్స్ సీలింగ్. మేమూ చేశాం. ఏడాదికి రెండు ఈద్‌లు, నాలుగు దావత్‌లకు వచ్చే మెహమాన్‌ల కోసం అన్నిట్లోకి పెద్ద కమ్రా. రోజూ ఉండేవాళ్ల కోసం చిన్న కమ్రాలు. ఇక ఎన్నడూ ఉండని సామాన్ కోసం సజ్జలు, అల్మారీలు, మంచాల కింద ఖానాలు. పాత పల్లెటూరి ఇండ్లలో సామాన్ల అర్ర అని ఒకటి వేరేగా ఉండేది. ఇప్పుడు ఇల్లంతా అదే. మరమ్మతు మొదలైనప్పటి నుంచి మా సామాన్ ఒక గది నుంచి ఇంకో గదికి వలస పోతూనే ఉంది. జుజ్‌దాన్‌లో ఉన్న ఖురాన్‌కు అన్నిటికంటే పైన జాగ కావాలి. మూడుసార్లు మార్చాం, మారిన ప్రతిసారీ దాని పైన ఇంకేదో డబ్బా తేలుతోంది. దానికి మాత్రం అమ్మీ కూడా పరేషాన్ అవుతుంది.

ఇన్ని రోజులూ అబ్బా ఏమీ మాట్లాడలేదు. ఆయనది తక్కువ మాట. పోయిన జుమ్మా రోజు నమాజ్ నుంచి వచ్చి, చేతికర్ర పట్టుకుని మా బిడ్డ కమ్రాలోకి పోయారు. మంచం మీద సజ్జ. ఆ సజ్జను కింది నుంచి కర్రతో టక్ టక్ కొట్టి, చెవి పెట్టి విన్నారు. బాయిలో కప్పును అట్లనే కొట్టి చూస్తారు. గట్టి రాయి ఒక చప్పుడు చేస్తుంది, వదులైన పొర డొల్ల చప్పుడు చేస్తుంది. డొల్ల వినబడితే కింద మనిషిని నిలబడనీయరు. ఒక మూల రెండుసార్లు కొట్టారు. అమ్మీని పిలిచారు.

"నెత్తి మీద గింత బరువు పెట్టి కింద పోరిని పండబెడుతున్నవా?"

అమ్మీ ఏదో అనబోయింది. ఆయన కర్ర గోడ వైపు చూపించి, "గాలి వచ్చే తొవ్వ ఒకటి, పోయే తొవ్వ ఒకటి ఉండాలె. ముప్పై ఐదేండ్లు నాకు కంపెనీ నేర్పింది గదే" అన్నారు. అంతే. దీవాన్‌ఖానాలోకి పోయి టీవీ పెట్టుకున్నారు.

మర్నాడు మా ఆయనే మేస్త్రీకి ఫోన్ చేశాడు. ఆదివారం గోడ పగలగొట్టారు, నాలుగడుగులకు నాలుగడుగులు. ఎదురింటి వేపచెట్టు మా ఇంట్లోంచి కనబడుతుందని మాకు ఇన్నేండ్లూ తెలియదు. సజ్జ మీది రజాయిల్లో రెండు మా బిడ్డే విప్పి, ఒకటి అబ్బా మంచం మీద, ఒకటి తన మంచం మీద పరుచుకుంది. అమ్మీ చూసింది, ఏమీ అనలేదు. డిన్నర్ సెట్‌కు మాత్రం ఇంకా హుకుం రాలేదు.

ఖిడ్కీ చౌకట్ ఇంకా రాలేదు. వడ్లాయన రేపు, ఎల్లుండి అంటున్నాడు. అప్పటిదాకా టార్పాలిన్ కట్టాం, నా బీరువా మీద కప్పినట్టుదే. దాని ముందు అమ్మీ అప్పుడే రెండు డబ్బాలు పెట్టేసింది. "చౌకట్ ఆయే తక్" అంటుంది.