గృహనిర్వహణము: నురుగు నిలుచు షేవింగు సబ్బు



నెల సరుకుల పట్టికలో కందిపప్పు, చింతపండు, బట్టల సబ్బు మొదలగువానిని ధరలెంచి వ్రాయు గృహిణి, పురుషుల షేవింగు సబ్బు వద్దకు వచ్చునప్పటికి కలమాపి, “మీకేది కావలెను?” అని యడుగుట పరిపాటి. వారును అలవాటైన పేరొకటి చెప్పుదురు. అది యెన్ని దినములు వచ్చినది, చర్మమునకు సరిపడినదా యను విచారము ఇద్దరిలో నెవరికిని కలుగదు.

గడ్డము గీసికొనుట మగవారి పని, మనకేల యని తలపకుడు. పక్షవాతముచే చేయి స్వాధీనము తప్పిన మామగారికి, మంచము పట్టిన తండ్రికి గడ్డము గీయువారు అనేక గృహములలో కోడండ్రును కుమార్తెలును. అలవాటు లేని చేతికి మంచి సబ్బే సగము తోడు. మధుమేహము గల వృద్ధులకు చిన్న గాటైనను మానుట ఆలస్యము. కావున ఈ వస్తువును ఎన్నుకొను విధము మనమును తెలిసికొనదగినదే.

పొడి వెండ్రుక బిరుసుగా నుండును. వెచ్చని నీటిలో రెండు మూడు నిమిషములు నానినచో మెత్తబడి సులభముగా తెగును. షేవింగు సబ్బు చేయవలసిన పనులు రెండే: ఆ తడిని ఆరనీయకుండుట, బ్లేడునకును చర్మమునకును నడుమ జారుదనము కలిగించుట. నీటిని పట్టి యుంచునదే మంచి సబ్బు. పరిమళమును, అందమైన డబ్బాయును, ప్రకటనయును ధరను పెంచునే గాని ఈ గుణమును పెంచజాలవు.

ఈ గుణము ఎచ్చటినుండి వచ్చును? నూనెలను కాస్టిక్ సోడాతో కలిపి చేసినది గట్టి సబ్బగును. మన స్నానపు సబ్బులు ప్రాయికముగా నిట్టివి. కాస్టిక్ పొటాషుతో చేసినది మెత్తగా నుండి, నీటిలో త్వరగా కరగును. మంచి షేవింగు సబ్బులో ఈ రెండును కలిసియుండును. దానికి తోడు స్టియరిక్ ఆమ్లము అధికముగా నుండును. నురుగు చిక్కగా, సన్నని బుడగలతో నిలుచుటకు కారణమిదే. కొబ్బరినూనె నురుగును త్వరగా పుట్టించును గాని అది త్వరగా చల్లారును. గ్లిసరిను తేమను నిలుపును. స్నానపు సబ్బుతో గడ్డము గీసికొన్న చర్మము బిగిసికొనిపోవుట యేలనో దీనివలన తెలియగలదు.

కావున కొనునప్పుడు పెట్టెపైనున్న పేరును గాక, వెనుకనున్న చిన్న అక్షరముల పట్టికను చదువుడు. ఎక్కువ పాలున్న పదార్థము ముందుగా నుండును. స్టియరిక్ ఆమ్లము, పొటాషియముతో కూడిన పేరు, గ్లిసరిను — ఇవి మొదటి వరుసలలో కనబడినచో ఆ సబ్బు పరీక్షకు తగినది. టాలోవేటు అను మాట యున్నచో అందు పశువుల కొవ్వు కలదని యర్థము. తుర్కీ దేశపు ఆర్కో కడ్డీ చవుకదనమునకును నురుగునకును పేరొందినది. కాని చిరకాలముగా కొవ్వుతో చేయబడుచు వచ్చినది. శాకాహార నియమము గల గృహములవారు ఇట్టివానిని చూచి మరి కొనవలెను.

ఇంట పరీక్షించు విధము సులభము. తడిపిన బ్రష్షును సబ్బుపై అర నిమిషము త్రిప్పి, స్టీలు గిన్నెలో కొంచెము కొంచెముగా నీరు చేర్చుచు గిలకొట్టుడు. కుంకుడురసపు నురుగువలె పెద్ద బుడగలు లేచి చిట్లిపోయినచో అది పనికిరాదు. గిలకొట్టిన మీగడవలె చిక్కబడి, అయిదు నిమిషముల పిమ్మటను అంచు లారక మెరయుచున్నచో అది మంచిది.

ఒక్క హెచ్చరిక. నురుగు రానప్పుడెల్ల సబ్బును నిందింపరాదు. మన జిల్లాలలో అనేక గ్రామముల బోరు నీటిలో కాల్షియము, మెగ్నీషియము అధికముగా నుండును. ఇవి సబ్బుతో కలిసి తెట్టెగా మారుటచే నురుగు చచ్చును. కందిపప్పు ఉడకని నీటిలో షేవింగు నురుగును నిలువదని గుర్తుంచుకొనుడు. అట్టి ఇండ్లలో గిన్నెడు త్రాగునీరుగాని, పట్టియుంచిన వాననీరుగాని దీనికై వేరుగా నుంచినచో చవుక సబ్బే చక్కగా పని చేయును. ఖరీదైన సబ్బును మార్చి మార్చి కొనుటకంటె ఇది లాభము.

ఇక ధర సంగతి. పెట్టె ధరను గాక, ఒక్క క్షౌరమునకు పడు వెలను లెక్కింపవలెను. వంటింటి చిన్న త్రాసుపై సబ్బును తూచి, పది క్షౌరముల పిమ్మట బాగుగా ఆరిన తరువాత మరల తూచుడు. ఉదాహరణకు, 60 రూపాయల ధరగల 60 గ్రాముల బిళ్ళ పది మారులకు 8 గ్రాములు అరిగినదనుకొందము. అది 75 క్షౌరములకు వచ్చును. ఒక్కొక్కటికి 80 పైసలు. 200 రూపాయల ధరగల 200 గ్రాముల నురుగు డబ్బా పది మారులకు 50 గ్రాములు తరిగినచో 40 క్షౌరములకే సరి. ఒక్కొక్కటికి 5 రూపాయలు. మీ యింటి అంకెలు వేరుగా నుండవచ్చును. లెక్క వేయు తీరు మాత్రమిదే. ట్యూబులోని క్రీమునైనను బఠాణిగింజంత తీసి బ్రష్షుతో నురుగు చేసినచో చాలదినములు వచ్చును. వ్రేళ్ళతో పూసికొన్నచో త్వరగా అయిపోవును.

వృద్ధులకు గీయునప్పుడు ఘాటైన పరిమళము, మెంథాలు లేని సబ్బును తీసికొనుడు. క్రొత్త సబ్బు నురుగును ముందు వారి ముంజేతి లోపలివైపున పూసి కడిగి, మరునాడు ఎరుపుగాని దురదగాని లేకున్ననే ముఖమునకు వాడుడు. వెలుతురులో కూర్చుండబెట్టి, వెచ్చని తడిగుడ్డను రెండు మూడు నిమిషములు చెంపలపై నుంచి, ఆపై నురుగు పట్టింపవలెను. ముడుతలను మృదువుగా సాగదీసి పట్టి, వెండ్రుకలు మొలచిన దిక్కుననే చిన్న చిన్న గీతలుగా గీయుడు. బ్లేడు క్రొత్తదిగా నుండవలెను, ఒత్తిడి కూడదు. నురుగు ఆరినచోట మరల పూయక గీయరాదు. రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారికి బ్లేడు తగునా, విద్యుత్తు రేజరు మేలా యని వైద్యుని యడిగి చేయుడు.

సబ్బును కాపాడుటయు పొదుపే. పొటాషు గల సబ్బు మెత్తనిది గావున నీటిలో నుంచినచో కరగిపోవును. చిల్లుల పెట్టెలో ఆరబెట్టుడు. అరిగిన ముక్కలను పారవేయక, కొంచెము తడిపి చిన్న గిన్నె అడుగున అదిమినచో మరికొన్ని వారములకు వచ్చును. బ్రష్షును శుభ్రముగా కడిగి, విదిలించి, గాలి తగులుచోట నుంచవలెను.

ఈ నెల కొన్న సబ్బు పెట్టెపై మొదలుపెట్టిన తేదీని, ధరను పెన్సిలుతో వ్రాసి యుంచుడు. అది ముగిసిన దినమున లెక్క చూచుకొన్నచో, తరువాతి పట్టికలో ఏ పేరు వ్రాయవలెనో మీకు ఎవరును చెప్పనక్కరలేదు.