బ్యాలే ముందు చెవులకు

రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీకి సొంత పిల్లలు లేరు. మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు మాత్రం ఇంటినిండా ఉండేవారు. చెల్లెలు సాషా కాపురమున్న కామెంకా ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉంది. సెలవులకు అక్కడికి వెళ్ళిన మేనమామ ఒక ఏడాది పిల్లల చేత హంసల కొలను కథ ఆడించాడని, సంగీతం తానే కట్టాడని, ఆటలోకి కొయ్య హంసలు కూడా వచ్చాయని ఆ కుటుంబంలోని వాళ్ళు తర్వాత గుర్తు చేసుకున్నారు. 'స్వాన్ లేక్' మాస్కోలోని బొల్షోయ్ థియేటర్ వేదిక ఎక్కింది 1877లో. ఇంటివాళ్ళ మాటే నిజమైతే, అంతకు కొన్నేళ్ళ ముందే దాన్ని పిల్లలు ఆడేశారు.

ఇప్పుడు బ్యాలే అనగానే తల్లిదండ్రులకు గుర్తొచ్చేది గులాబీ రంగు బూట్లు, కుచ్చుల గౌను, మునివేళ్ళ మీద నిలబడటం. పిల్లను క్లాసులో చేర్పించాలా, వద్దా అన్నదే చర్చ. మునివేళ్ళ మీద నిలబడే విద్య ఏళ్ళ తరబడి సాధన అయ్యాక, పాదాలకు తగిన బలం వచ్చాక గాని నేర్పరు. కథకూ సంగీతానికీ ఆ ఆగడం అక్కర్లేదు. ఐదేళ్ళ పిల్లకైనా ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు. కాళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చు, అసలు చూసుకోకపోయినా నష్టం లేదు.

'నట్‌క్రాకర్'తో మొదలుపెట్టమని మా సలహా. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఒక ఇంట్లో విందు. డ్రొసెల్‌మెయర్ అనే వింత ముసలాయన క్లారా అనే పిల్లకు కొయ్య సిపాయి బొమ్మ ఇస్తాడు. దాని దవడల మధ్య కాయ పెడితే పటుక్కున పగలగొడుతుంది. తోడబుట్టినవాడు బొమ్మను విరగ్గొడతాడు. అర్ధరాత్రి గడియారం కొట్టగానే ఎలుకల దండు వస్తుంది, గదిలోని క్రిస్మస్ చెట్టు పెరగడం మొదలుపెడుతుంది. యుద్ధం మధ్యలో క్లారా తన చెప్పు తీసి ఎలుకల రాజు మీదికి విసురుతుంది. బొమ్మ రాకుమారుడవుతుంది. ఇక మంచు అడవి దాటి మిఠాయిల దేశానికి ప్రయాణం.

ఇంత మాత్రం చెప్పి, తెర మీద ఏమీ చూపకుండా పాట పెట్టండి. ప్రారంభ సంగీతంలో చెల్లోలు లేవు, డబుల్ బాస్‌లు లేవు. మంద్రస్థాయిలో పలికే ఆ తీగవాద్యాలను చైకోవ్‌స్కీ కావాలనే పక్కన పెట్టాడు. దాంతో ధ్వని పలచబడి, తేలికపడి, పిల్లల ఎత్తుకు దిగుతుంది. తర్వాత చెట్టు పెరిగే ఘట్టం. ఒకే స్వరగుచ్ఛం మళ్ళీ మళ్ళీ వస్తూ, వచ్చినప్పుడల్లా ఒక మెట్టు పైకెక్కుతుంది. ఏం పెరుగుతోందో పిల్లలనే అడగండి. వాళ్ళు చెట్టు అనకుండా కొండ అన్నా, రాక్షసుడన్నా సరిదిద్దకండి. మంచు తునకల నాట్యంలో ఉన్నట్టుండి మనుషుల గొంతులు వినిపిస్తాయి, మాటలు మాత్రం ఉండవు. మాటలు లేని ఆ పాట దగ్గర భాష తెలియని పిల్లలెవరూ ఉండరు.

మిఠాయిల దేశపు దొరసాని షుగర్‌ప్లమ్ ఫెయిరీ. ఆమె పాదాల కింద ఫౌంటెన్‌ నీటిచుక్కలు చిందినట్టు సంగీతం ఉండాలని నృత్యకర్త మరియస్ పెటిపా ముందే రాసిచ్చాడు. 1891లో చైకోవ్‌స్కీకి ప్యారిస్‌లో సెలెస్టా అనే కొత్త వాద్యం తారసపడింది. చూడటానికి చిన్న పియానోలా ఉంటుంది, లోపల మాత్రం తీగలకు బదులు లోహపు పలకలు మోగుతాయి. మన చెవులకు దాని నాదం జలతరంగానికి దగ్గర. దాన్ని రహస్యంగా తెప్పించమని, రిమ్‌స్కీ-కోర్సకోవ్, గ్లజునోవ్‌ల చెవిన పడితే తనకన్నా ముందే వాడేసుకుంటారని ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. ప్రపంచ ఖ్యాతి వచ్చిన యాభై ఏళ్ళ మనిషి కొత్త బొమ్మను దాచుకునే పిల్లవాడిలా ప్రవర్తించాడు. ఈ కథ మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి.

ఈ సంగీతం మనసులో నలుగుతున్న ఆ ఏడాదే సాషా చనిపోయింది. ఆ వార్త ఆయనకు ప్యారిస్‌లో ఉండగానే తెలిసింది. రెండో అంకంలో షుగర్‌ప్లమ్ ఫెయిరీ తన జోడీతో చేసే నాట్యానికి చెల్లోలు ఒక రాగం ఎత్తుకుంటాయి. అందులో ఉన్నది పై షడ్జం నుంచి కింది షడ్జం దాకా వరుసగా దిగివచ్చే మెట్లు. శంకరాభరణం అవరోహణ తెలిసిన తెలుగు పిల్ల దాన్ని మొదటిసారికే పట్టుకుంటుంది, పాడేస్తుంది కూడా. ఇంత సాదా స్వరాల వరుసలో అంత దుఃఖం ఎక్కడ దాగిందో పెద్దవాళ్ళు కూడా చెప్పలేరు. పండుగ కథ నడిమధ్య ఆ దుఃఖం ఉంది. దాన్ని దాటవేసి గబగబా మిఠాయిల దగ్గరికి తీసుకుపోవద్దు.

1892 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మరీన్‌స్కీ థియేటర్లో మొదటి ప్రదర్శన జరిగింది. పెటిపా జబ్బుపడటంతో లెవ్ ఇవనోవ్ నృత్యం సమకూర్చాడు. వేదిక మీద పిల్లలు మరీ ఎక్కువయ్యారని అప్పటి విమర్శకులు కొందరు విసుక్కున్నారు. ఈ రోజు అమెరికాలో డిసెంబరు వస్తే ఊరూరా ఈ బ్యాలే ఆడుతున్నారంటే ఆ పిల్లల వల్లనే. అక్కడి తెలుగు కుటుంబాలకూ ఇది కొత్తేమీ కాదు.

'స్వాన్ లేక్'కు వస్తే, చెవి తర్వాత కన్ను. హంసగా మారిన ఒడెట్ తన కథను చేతులతో చెబుతుంది: ఈ కొలను మా అమ్మ కార్చిన కన్నీళ్ళు. గుండె మీద చేయి వేస్తే ప్రేమ, ఉంగరపు వేలు చూపిస్తే పెళ్ళి, రెండు వేళ్ళు పైకెత్తితే ప్రమాణం, పిడికిళ్ళను ఒకదానిపై ఒకటి అడ్డంగా పెడితే చావు. కూచిపూడి అభినయం చూసి పెరిగిన పిల్లలకు ఇది విడమరిచి చెప్పే పనే ఉండదు. ఈ ఘట్టం నాట్యానికి అడ్డమని చాలా బృందాలు తీసేశాయి. మా దృష్టిలో అది పిల్లలకు చేసిన అన్యాయం. వాళ్ళ కోసమే ఉన్న తలుపు అది.

మన కథలు మనకు లేవా, పిల్లలకు ఇవన్నీ ఎందుకని అడిగేవాళ్ళుంటారు. ఆ ప్రశ్న గౌరవించదగ్గదే. జవాబు ఇద్దరు నర్తకుల జీవితాల్లో ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు బీదరాలైన తల్లి వెంట చైకోవ్‌స్కీ బ్యాలే 'స్లీపింగ్ బ్యూటీ' చూడటానికి వెళ్ళిన రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా, ఆ రాకుమారిలా నాట్యం చేస్తానని అప్పుడే తల్లితో చెప్పానని తర్వాత రాసుకుంది. ఆ పావ్లోవానే 1928లో కలుసుకుని, ఆమె బృందంలోని క్లియో నోర్డి దగ్గర బ్యాలే నేర్చుకున్నది, తర్వాత భరతనాట్య కళాకారిణి అయిన రుక్మిణీదేవి అరండేల్. మీ దేశపు కళల్లోకి చూడమని ఆమెను ప్రోత్సహించింది పావ్లోవానే. 1936లో రుక్మిణీదేవి కళాక్షేత్ర నాట్యవిద్యాలయాన్ని స్థాపించింది. పరాయి నృత్యం మీది ప్రేమ ఆమెను భరతనాట్యానికి దూరం చేయలేదు, దాని దగ్గరికే నడిపించింది.

మాస్కోలో అచ్చయిన సోవియట్ పిల్లల పుస్తకాలను విశాలాంధ్ర దుకాణాల్లో కొనుక్కుని, రష్యా జానపద కథలు తెలుగులో చదువుతూ ఒక తరం పెరిగింది. బ్యాలే కథలకూ అంత మంచి తెలుగు కావాలి. రచయితలను కోరేది ఒక్కటే, మెత్తబరచకండి. 1816లో హాఫ్‌మన్ రాసిన 'నట్‌క్రాకర్' మూలకథలో ఎలుకల రాజుకు ఏడు తలలు, అమ్మాయి చేయి గాజు గుచ్చుకుని రక్తమోడుతుంది. అలెగ్జాండర్ డ్యూమా తిరగరాసేసరికి ఆ కరుకుదనం తగ్గింది, బ్యాలేకు ఆధారమైంది అదే. 'స్వాన్ లేక్'కు సోవియట్ కాలంలో సుఖాంతం అతికించారు. 1895 ప్రదర్శనలో ఒడెట్, ఆమె వెనకే రాకుమారుడు కొలనులో దూకి ప్రాణాలు వదిలారు. ఆ వాక్యం కొట్టేసిన కథను మాకు పంపవద్దు.